సిరా, షిరాజ్: వైజాగ్‌లో రెండు వేల లోపు ఏ సీసా కొనాలి?

సిరా అంటే మనకి కలంలో పోసుకునే సిరాయే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పబోయే సిరా ఒక నల్ల ద్రాక్ష. దాని వైన్‌ని గ్లాసులో పోసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంటే రంగు కూడా ఆ కలం సిరాకి దగ్గరగానే ఉంటుంది. ఫ్రాన్సులో ఈ ద్రాక్షని సిరా అంటారు, ఆస్ట్రేలియాలో షిరాజ్ అంటారు. మన దేశంలో తయారయ్యే సీసాల మీద కూడా ఎక్కువగా షిరాజ్ అనే ఉంటుంది. షాపులో షిరాజ్ అని అడగండి, వెంటనే అర్థమవుతుంది.

మన ఊళ్లో వైన్ షాపు అని బోర్డు ఉన్న చోట దొరికేది ముఖ్యంగా బ్రాందీ, విస్కీ, బీరు. అసలు వైన్ ఎక్కడో ఒక మూల పై అరలో ఉంటుంది. 2024 అక్టోబరు 16న కొత్త పాలసీతో షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి వచ్చాక ఆ అరలో రకాలు కాస్త పెరిగాయి. సిరిపురం, బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు పెద్ద షాపుల్లో నిలబడి చూస్తే ఐదారు రకాల ఎర్ర వైన్ కనిపిస్తుంది, వాటిలో రెండు మూడింటి మీదైనా షిరాజ్ అనే మాట ఉంటుంది. ఆ కొద్దిపాటి అర ముందు నిలబడి, జేబులో రెండు వేలకి మించి లేనప్పుడు, ఏది తీసుకోవాలన్నదే ఈ వ్యాసం.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఆ డబ్బుకి మన నాసిక్, కర్ణాటక వైపు తయారైన షిరాజ్‌లో, అన్నిటికన్నా చవకైన దానికి ఒక మెట్టు పైది కొనండి. దాని తర్వాతే ఆస్ట్రేలియా. ఫ్రాన్సు సిరాని ఇక్కడి షాపులో కొనకండి, దానికి వేరే దారి ఉంది. ఇక ఏది కొన్నా, సీసా ఎండలో మగ్గిందా లేదా అన్నది బ్రాండు కంటే ముందు చూడాలి.

మొదటిసారి తాగేవాళ్లకి ఒక మాట. మనలో చాలామందికి వైన్ అంటే గోల్కొండ రూబీ, లేకపోతే గోవా వెళ్లొచ్చిన వాళ్లు తెచ్చిన పోర్ట్ వైన్. అవి తియ్యటివి. ఆ రుచికి అలవాటు పడిన నాలుకకి షిరాజ్ మొదటి గుక్కలో కటువుగా తగులుతుంది. సీసా పాడైందేమో అనిపిస్తుంది. పాడవలేదు. ఇందులో తీపి దాదాపు ఉండదు, దాన్నే డ్రై అంటారు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది కదా, ఆ వగరే ఇందులో ఉండేది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది, టానిన్ అంటారు. రెండో గ్లాసుకి, పక్కన తినడానికి ఏదైనా ఉంటే, ఆ వగరే బాగుంటుంది. నాకైతే నేరేడు పండు కాలంలో పెరిగిన వాళ్లకి షిరాజ్ త్వరగా నచ్చుతుందని గట్టి నమ్మకం.

డబ్బు ఎక్కడికి పోతోంది

తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లు ఒక లెక్క అర్థం చేసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. విదేశీ వైన్ మీద మన కస్టమ్స్ సుంకం మామూలుగా 150 శాతం. ఓడ దిగేసరికి 400 రూపాయల విలువ చేసే సీసా మీద 600 సుంకం పడుతుంది. అంటే వెయ్యి. దాని మీద తెప్పించిన కంపెనీ లాభం, రాష్ట్రం పన్నులు, షాపు వాటా. ఇవన్నీ కలిసి అర మీదకి వచ్చేసరికి రెండు వేలు దగ్గరపడినా ఆశ్చర్యం లేదు. మీరు రెండు వేలు ఇచ్చారు, కానీ మీ గ్లాసులోకి వచ్చింది నాలుగు వందల వైనే. ఆ దేశంలో అది కూరగాయలతో పాటు సంచిలో వేసుకునే మామూలు సీసా.

మన దేశంలో తయారైన సీసాకి ఆ కస్టమ్స్ సుంకం లేదు. రాష్ట్రం పన్నులు దానికీ ఉంటాయి, అందుకే మహారాష్ట్రలో చూసిన ధర ఇక్కడ కనిపించదు. అయినా మీరిచ్చిన దాంట్లో ద్రాక్షకి, పీపాకి, మనిషి శ్రమకి చేరే వాటా ఎక్కువ. ధరల గురించి ఇంకొక సంగతి: సీసా మీద ఎంఆర్పీ ముద్రించి ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకానికే అని కూడా ఉంటుంది. ఆ అంకె చూసి కొనండి, నోటితో చెప్పిన ధర నమ్మకండి.

750 మిల్లీలీటర్ల సీసా అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. పదిహేను వందల సీసా అయితే గ్లాసు 300. ఇద్దరు కూర్చుని రెండు సాయంత్రాలు తాగొచ్చు. ఇలా గ్లాసు లెక్క వేసుకుంటే ఇంకో రెండు మూడు వందలు పెట్టి మెట్టు పైది తీసుకోవడం భారం అనిపించదు: గ్లాసుకి నలభై నుంచి అరవై రూపాయలు పెరుగుతుంది, రుచిలో తేడా మాత్రం చాలా ఎక్కువ.

మన దేశపు సీసాలు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు పైకి చూసేది విదేశీ లేబుల్ వైపే.

ద్రాక్ష తీగ చల్లటి దేశాల్లో చలికాలం నిద్రపోతుంది. మన దగ్గర ఆ నిద్ర లేదు. అందుకే నాసిక్ చుట్టుపక్కల రైతులు ఏడాదిలో రెండుసార్లు తీగని కత్తిరిస్తారు. వానలు తగ్గాక చేసే రెండో కత్తిరింపు మీద వచ్చిన కాయనే వైన్‌కి కోస్తారు, అదీ జనవరి నుంచి మార్చి లోపు, రాత్రుళ్లు చల్లగా ఉండే రోజుల్లో. షిరాజ్ వేడిని తట్టుకునే ద్రాక్ష కాబట్టి ఈ పద్ధతికి బాగా ఒదిగింది. మన ఎర్ర వైన్‌లలో నాకు నమ్మకం ఎక్కువ ఉన్నది దీని మీదే.

మొదటి మెట్టు షిరాజ్, కేబర్నే అనే ఇంకో నల్ల ద్రాక్ష రెండూ కలిపిన సీసాలు. సులా వాళ్ల షిరాజ్ కేబర్నే, గ్రోవర్ జాంపా వాళ్ల ఆర్ట్ కలెక్షన్ కేబర్నే షిరాజ్ ఈ కోవలోవి. పేరులో ఏ ద్రాక్ష ముందు ఉందో చూడండి. షిరాజ్ ముందు ఉంటే మెత్తగా, పండు రుచి ముందుకొచ్చి ఉంటుంది. కేబర్నే ముందుంటే వగరు, ఆకు వాసన కాస్త ఎక్కువ. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు, అందులో ఇద్దరు కొత్తవాళ్లయినప్పుడు ఇవి సరిపోతాయి. ఒంటరిగా కూర్చుని రుచి మీద మనసు పెట్టి తాగడానికి మాత్రం ఇవి పలచగా అనిపిస్తాయి.

రెండో మెట్టు మీదే నా ఓటు. సులా దిండోరి రిజర్వ్ షిరాజ్, ఫ్రాటెల్లీ షిరాజ్, బిగ్ బన్యన్ షిరాజ్, గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్. దిండోరి నాసిక్ జిల్లాలోని తాలూకా, ఆ సీసా ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో నిలవ ఉంచి తీసినది. ఫ్రాటెల్లీ తోటలు షోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు ఉంటాయి. గ్రోవర్ వాళ్లది బెంగుళూరు పక్కన నంది కొండల దగ్గర మొదలైన కంపెనీ. లా రిజర్వ్ పూర్తి షిరాజ్ కాదు, కేబర్నేతో కలిపినది, కానీ చాలా ఏళ్లుగా తయారవుతూ నిలకడగా ఉన్న సీసా.

వీటిలో తేడా ఎలా ఉంటుందంటే, పీపా తగిలిన దిండోరి లాంటి దాంట్లో నేరేడుతో పాటు కాల్చిన కొబ్బరి చిప్ప, లవంగం వాసన వస్తుంది, నోట్లో చిక్కగా ఉంటుంది. ఫ్రాటెల్లీ షిరాజ్ నాకు తేలిగ్గా, కాస్త పులుపు తగిలి, అన్నంతో పాటు తాగడానికి అనువుగా అనిపించింది. ఇంట్లో మాంసం కూర ఉన్న రోజున నేను మొదటిది తీస్తాను. వేసవిలో, మిద్దె మీద గాలి కోసం కూర్చున్న రోజున రెండోది. రెండిటిలో ఒక్కటే కొనాలి, ఇదే మొదటిసారి అంటే, ఓక్ పీపాలో ఉంచినది కొనండి. షిరాజ్ అంటే ఏమిటో అది స్పష్టంగా చెబుతుంది.

లేబుల్ మీద రిజర్వ్ అన్న మాటకి మన దగ్గర ఒకే కొలత లేదు. ఒక కంపెనీ తన సీసాల్లో ఏది పైమెట్టో చెప్పుకోవడానికే వాడుతుంది. ఒక కంపెనీ రిజర్వ్‌ని ఇంకో కంపెనీ మామూలు సీసాతో పోల్చి మోసపోకండి. వెనక లేబుల్ చదవండి: పీపాలో ఎన్ని నెలలు ఉంచారో రాసిన కంపెనీ మీద నాకు గౌరవం ఎక్కువ.

ఆస్ట్రేలియా

1832లో జేమ్స్ బస్బీ అనే ఆయన ఐరోపా నుంచి తెచ్చిన తీగలతో ఆస్ట్రేలియాలో ఈ ద్రాక్ష పాతుకుంది. ఇప్పుడు అక్కడ అన్నిటికన్నా ఎక్కువ వేసే వైన్ ద్రాక్ష ఇదే. బరోసా లోయ షిరాజ్ అంటే చిక్కగా, జామ్ లాగా, 14 శాతం దాటిన ఆల్కహాల్‌తో ఉంటుందని పేరు. మన షాపుల్లో కనిపించేవి చాలావరకు జేకబ్స్ క్రీక్ షిరాజ్ కేబర్నే, ఎల్లో టెయిల్ షిరాజ్ లాంటి పెద్ద కంపెనీల మొదటి మెట్టు సీసాలు. ఎల్లో టెయిల్‌లో కాస్త తీపి తగులుతుంది. పోర్ట్ వైన్ నుంచి మారాలనుకునే వాళ్లకి అది మంచి వంతెన, అలవాటైన వాళ్లకి మొహం మొత్తుతుంది.

ఇక్కడ కొనేవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది. భారత, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం దిగుమతి ధర 5 డాలర్లు దాటిన సీసా మీద సుంకం 150 నుంచి 100 శాతానికి దిగింది, పదేళ్లలో 50కి దిగుతుంది. 15 డాలర్లు దాటిన సీసా మీద 75కి దిగింది, పదేళ్లలో 25కి వస్తుంది. 5 డాలర్ల లోపు దిగే సీసాకి ఈ లాభం లేదు, పాత 150 శాతమే. అర మీద అన్నిటికన్నా చవకగా కనిపించే ఆస్ట్రేలియా సీసాలోనే సుంకం వాటా ఎక్కువ అన్నమాట. అందుకే ఆస్ట్రేలియా కొనాలనిపిస్తే చిన్నది నెలకొకటి కొనడం మాని, మూడు నెలలకి ఒకసారి పై మెట్టుది కొనండి. బరోసా అనో, మెక్‌లారెన్ వేల్ అనో ఊరి పేరు స్పష్టంగా ఉన్నది చూడండి. సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా అని మాత్రమే ఉంటే అది ఆ దేశం ఆగ్నేయ భాగంలో ఎక్కడెక్కడి ద్రాక్షో కలిపినదని అర్థం.

చిలీ, దక్షిణాఫ్రికా సీసాలు ఎప్పుడైనా కనిపిస్తే తీసుకోవచ్చు. చిలీలో చల్లటి సముద్రపు గాలి తగిలే లోయల్లోని సిరా నాకు ఇష్టం. కానీ వైజాగ్‌లో వాటి కోసం వెతుకుతూ తిరగడం దండగ.

ఫ్రాన్సు సిరాకి దారి సూట్‌కేసు

ఈ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్సు. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని ఒక కథ చాలాకాలం తిరిగింది. 1998లో డీఎన్ఏ పరీక్షలు దాన్ని తేల్చేశాయి: తల్లిదండ్రులిద్దరూ ఆగ్నేయ ఫ్రాన్సు ద్రాక్షలే, ఒకటి దురేజా, ఇంకొకటి మోందూజ్ బ్లాంష్. రోన్ నది పైభాగంలో ఎర్మిటాజ్, కోత్ రోతీ, కోర్నాస్ అనే చోట్ల పండే సిరా ప్రపంచ ప్రసిద్ధం, మన బడ్జెట్‌కి అందనిది. వాటి పక్కనే క్రోజ్ ఎర్మిటాజ్ ఉంది, ఆ ప్రాంతంలో అన్నిటికన్నా పెద్దది, కాబట్టి ధర కూడా కిందికి ఉంటుంది. అదే సిరా, అదే మిరియం వాసన. లేబుల్ మీద సిరా అని ఉండకపోవచ్చు, ఊరి పేరే ఉంటుంది. కోత్ ద్యు రోన్ అని ఉన్న ఎర్ర వైన్ చూసి సిరా అనుకోకండి, అందులో ఎక్కువగా గ్రెనాష్ అనే వేరే ద్రాక్ష ఉంటుంది.

ఇది ఇక్కడ కొంటే సుంకం దెబ్బ పూర్తిగా పడుతుంది. కానీ మన ఇళ్లలో ఏడాదికి ఒకరైనా బయటి దేశం నుంచి వస్తారు. ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు నిశ్చింతగా. సింగపూర్ మీదుగా వచ్చే వాళ్లకి క్రోజ్ ఎర్మిటాజ్ అని కాగితం మీద రాసివ్వండి. సియాటిల్ వైపు నుంచి వచ్చే బావగారో, తమ్ముడో ఉంటే వాషింగ్టన్ రాష్ట్రం సిరా తెమ్మనండి. షాటో సాంట్ మిషెల్ కొలంబియా వేలీ సిరా అక్కడ 20 డాలర్ల లోపు దొరుకుతుంది, ఆ డబ్బుకి అంత మంచి సిరా ఇక్కడ ఏ అర మీదా చూడలేదు. చెక్ ఇన్ పెట్టెలో, రెండు టవళ్ల మధ్య చుట్టి పెట్టుకుంటే చాలు. చాక్లెట్లు మన దగ్గరా దొరుకుతున్నాయి కదా, ఆ బరువుకి బదులు ఇవి తెమ్మని నేను మొహమాటం లేకుండా అడుగుతాను.

యానాం నుంచో, పక్క రాష్ట్రం నుంచో కారులో వేసుకొచ్చే పని మాత్రం పెట్టుకోకండి. పర్మిట్ లేకుండా పట్టుబడితే మిగిలిన రెండు వందల కోసం ఆ టెన్షన్ ఎందుకు.

సీసా ఎండలో మగ్గిందా?

మూడేళ్ల కిందట మే నెలలో నేను ఒక షాపులో మంచి విదేశీ షిరాజ్ కొన్నాను. అద్దం వెనక, పడమటి ఎండ తగిలే చోట, వరసలో మొదట నిలబెట్టి ఉంది. అందంగా కనిపించింది. ఇంటికి తెచ్చి చూస్తే కార్క్ అంచు సీసా మూతి కంటే కొంచెం పైకి లేచి ఉంది, రేకు కింద జిగురుగా ఉంది. తాగితే ఉడకబెట్టిన ఎండు ద్రాక్ష నీళ్లలా ఉంది, పండు రుచి అన్నదే లేదు. పద్దెనిమిది వందలు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ని తోస్తుంది, లోపలికి గాలి దూరుతుంది. మన ఊళ్లో వేసవిలో పగలు 35 డిగ్రీలు, పైన ఉక్క. ఏసీ లేని షాపులో నెలల తరబడి నిలబడ్డ సీసా ఎంత గొప్పదైనా మిగలదు. కాబట్టి షాపు ఎంచుకోవడం కూడా సీసా ఎంచుకోవడంలో భాగమే. ఏసీ ఉన్న షాపు, సరుకు త్వరగా కదిలే షాపు చూసుకోండి. అరలో ముందున్నది తీసుకోకుండా వెనక చీకట్లో ఉన్నది, ఇంకా మంచిది అప్పుడే విప్పిన పెట్టెలోది అడగండి. మూత మీద వేలు రాసి చూడండి, ఎత్తుగా గానీ జిగటగా గానీ ఉంటే వదిలేయండి. వైన్ మట్టం మెడ కంటే బాగా కిందికి ఉంటే వదిలేయండి. మీద దుమ్ము పేరుకుని ఉంటే, పాతది కాబట్టి మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ ధరలో దొరికే షిరాజ్ కోత అయిన రెండు మూడేళ్లలోనే తాగేయాలి. లేబుల్ మీద ఏడాది ఉంటుంది, ఉన్నవాటిలో కొత్త ఏడాదిది తీసుకోండి.

ఇదే కారణంగా నేను తిప్పే మూత సీసాలకి ఓటేస్తాను. సులా సీసాలు చాలావరకు అలాంటివే. కార్క్ లేకపోతే నాసిరకం అనుకునే వాళ్లు మనలో చాలామంది ఉన్నారు, ఆ అభిప్రాయం మార్చుకోవాలి. ఉక్కపోత ఊళ్లో గట్టిగా బిగిసే మూత మనకి మేలు చేస్తుంది. పైగా కార్క్ తీసే స్క్రూ కోసం ఇల్లంతా వెతకక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక బీరువా మీద పెట్టకండి. ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర మేలు. తాగే రోజున అరగంట ముందు బయటికి తీయండి. గదిలో ఉంచిన సీసా అయితే ముప్పావు గంట నుంచి గంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలి అని పుస్తకాల్లో ఉన్న మాట చలి దేశపు గదులకి రాసింది, వాళ్లకి అది 16, 18 డిగ్రీలు. మన గదిలో 31 డిగ్రీల దగ్గర తాగితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొడుతుంది, పండు కనిపించదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే వెయ్యి రూపాయల సీసా కూడా నిలబడుతుంది.

మిరియం వాసన తెలుస్తుందా

సిరాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నల్ల మిరియం వాసన. అది కవిత్వం కోసం చెప్పే పోలిక కాదు. 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధకులు ఆ వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థమని తేల్చారు. మన మిరియాల్లో ఘుమఘుమకి కారణం కూడా అదే. వాళ్లే ఇంకో సంగతి గమనించారు: పరీక్షించిన వాళ్లలో దాదాపు 20 శాతం మందికి ఆ వాసన అసలు అందదు. కాబట్టి మీ స్నేహితుడు మిరియం అంటుంటే మీకు ఏమీ తెలియకపోతే తప్పు మీది కాదు. అలాంటి వాళ్లు మిరియం కోసం ఎక్కువ ధర పెట్టకుండా, పండు రుచి ఎక్కువున్న మొదటి మెట్టు సీసాతో హాయిగా ఉండొచ్చు.

తేల్చుకోవడం తేలిక. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాలు మన బజార్లో దొరుకుతాయి. నాలుగు గింజలు అప్పటికప్పుడు దంచి ఒకసారి వాసన చూడండి, వెంటనే గ్లాసు వాసన చూడండి. చల్లటి చోట పండిన సిరాలో ఈ వాసన ఎక్కువ. మన నాసిక్ వాటిలో పలచగా, చివర్లో వస్తుంది. క్రోజ్ ఎర్మిటాజ్‌లో మూత తీయగానే వస్తుంది. సూట్‌కేసు దారి అని నేను అంతగా చెప్పడానికి కారణం ఇదే.

పక్కన ఏం పెట్టాలి

చేపల పులుసుతో షిరాజ్ వద్దు. మన ఊళ్లో ఇది చెప్పడం కష్టమే, కానీ వద్దు. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేపతో కలిస్తే నోట్లో నీచు వాసన మిగులుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. దానికి తోడు చింతపండు పులుపు వైన్‌ని చప్పగా చేస్తుంది. వంజరం వేపుడు రోజున సీసా తీయకండి. గోంగూర మాంసంతోనూ నాకు కుదరలేదు, పులుపు, కారం, వగరు మూడూ కొట్టుకున్నాయి.

కుదిరేవి పొగ తగిలినవి, మిరియం పడినవి. అరకు దారిలో దొరికే బొంగులో చికెన్ దీనికి పుట్టినట్టే ఉంటుంది. పచ్చిమిర్చి తగ్గించి మిరియాలతో చేసిన మాంసం వేపుడు ఇంకా బాగుంటుంది. మాంసం తినని వాళ్లకి నిప్పుల మీద కాల్చిన వంకాయ, పుట్టగొడుగుల వేపుడు. ఏమీ వండే ఓపిక లేకపోతే పలాస జీడిపప్పుని చెంచాడు నెయ్యిలో వేయించి ఉప్పు, మిరియాల పొడి చల్లండి. మంచి కారం తిన్న నోటికి వైన్‌లో ఆల్కహాల్ మంటలా తగులుతుంది, అందుకే ఆ రోజు వంటలో ఎండుమిర్చి సగానికి తగ్గించమని మా ఇంట్లో అడుగుతాను.

న్యూస్‌పేపర్ చుట్టి చూడండి

నా మాట నమ్మక్కర్లేదు. పోయిన డిసెంబరులో మేం నలుగురం తలా కొంత వేసుకుని మూడు సీసాలు కొన్నాం: నాసిక్ మొదటి మెట్టు, నాసిక్ ఓక్ పీపాది, ఆస్ట్రేలియా మొదటి మెట్టు. మూడింటికీ న్యూస్‌పేపర్ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఒకటి రెండు మూడు అని రాశాం. ఒకే రకం గ్లాసులు, ఒకే చల్లదనం, పక్కన జీడిపప్పు. నలుగురిలో ముగ్గురు ఓక్ పీపాది ముందు పెట్టారు. విదేశీదే బాగుంటుందని గట్టిగా వాదించిన స్నేహితుడు కూడా దానికే ఓటేసి, కాగితం విప్పాక చాలాసేపు సీసానే చూస్తూ ఉండిపోయాడు. ఆస్ట్రేలియాది ఒకరికి నచ్చింది, తనకి తీపి ఇష్టం. దాంట్లో తప్పేమీ లేదు, అతను ఇప్పుడు నిస్సంకోచంగా అదే కొంటాడు.

ఇలా తలా కొంత వేసుకున్న డబ్బుతో మీ నాలుక ఏమంటుందో తెలిసిపోతే, తర్వాత ఏడాదంతా తప్పు సీసాలు కొనే ఖర్చు తప్పుతుంది. 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరికితే ఇంకా చవకగా అవుతుంది, షాపులో అడిగి చూడండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండిన వాళ్లకే అమ్మాలి. నలుగురు కలిసిన రోజున బండ్లు తాళాలు వేసి ఇంట్లో వాళ్లకి ఇచ్చేయడం మా పద్ధతి. ఆటో డబ్బు కూడా ఆ సాయంత్రం ఖర్చులో ముందే కలుపుకుంటాం.

మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు రోజుల వరకు బాగుంటుంది, ఓక్ పీపాది రెండో రోజుకి ఇంకా మెత్తబడుతుంది కూడా. నాలుగో రోజుకి వెనిగర్ వాసన మొదలవుతుంది, ఆ లోపే అడుగున మిగిలిన అరగ్లాసుని ఆదివారం మాంసం ఉడికే గిన్నెలో, ఉల్లిపాయలు ఎర్రబడ్డాక, పోసేయండి.